అద్దంలో అంకె

ఎం.జి. టి.సి. అనే పాత క్రీడావాహనంలో స్పీడోమీటరు నడిపేవాని ముందు ఉండదు. పక్కన కూర్చున్నవారి ముందు ఉంటుంది. నడిపేవాని కళ్లెదుట ఉండేది ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో తెలిపే మాపకం. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ కర్మాగారంలో 1945 నుండి 1949 వరకు ఇటువంటివి సుమారు పదివేలు తయారైనాయి. 1250 సి.సి. ఇంజను, చెక్క చట్రం మీద బిగించిన రేకు శరీరం, సన్నని తీగచక్రాలు, ముందుకు మడిచి పడుకోబెట్టగల నిటారు అద్దం - వీటిని చూచి మురిసిపోయిన యువకులలో వేగపుటంకె ఎక్కడున్నదని అడిగినవారు అరుదుగా ఉండి ఉంటారు. యౌవనానికి ఇంజను హోరే చాలు.

హైదరాబాదు పాతబస్తీలో, షాలిబండ సందులోని ఒక షెడ్డుకు వచ్చిన 1948 నాటి టి.సి. యజమానికి ఆ వయస్సు దాటి చాలా కాలమైంది. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడాయన. ఆ కారులో స్పీడోమీటరు తప్పుచోట ఉన్నదని ఆయనకు నలభై ఏళ్లపాటు తోచనేలేదు. కారణం, ఆ అంకెను భార్య చదివి చెప్పేది. "ముప్ఫై", "ముప్ఫై అయిదు", "ఇక చాలు, తగ్గించండి" - ఇదీ వారి ప్రయాణ సంభాషణ. ఆమె చెప్పినవి మైళ్లు. ఒక మైలు 1.6 కిలోమీటర్లు. ఆమె కాలం చేసిన తరువాత ఎడమవైపు ఆసనం ఖాళీ అయింది. అంకె చదివేవారు లేరు. వంగి పక్కకు చూస్తే రోడ్డు తప్పిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది; అంతదూరం గుడ్డిగా నడిపినట్లే గదా!

అందుకే కుమారుడు హెడ్-అప్ డిస్‌ప్లే అనే చిన్న పరికరాన్ని తెచ్చాడు. తల దించకుండానే వేగపుటంకెను అద్దం మీద చూపే సాధనమిది. ఈ విద్య మొదట యుద్ధవిమానాలది. 1988లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ దీనిని ఓల్డ్స్‌మొబైల్ కార్లలోకి తెచ్చింది. ఈనాడు విడిగా అమ్మే పరికరాలలో కొన్ని కారులోని కంప్యూటరు నుండి వేగాన్ని గ్రహిస్తాయి. టి.సి.లో కంప్యూటరు ఎక్కడిది? కనుక ఉపగ్రహాల ద్వారా వేగాన్ని లెక్కించే జి.పి.ఎస్. రకాన్ని ఎన్నుకొన్నాడు. దానిని డ్యాష్‌బోర్డుకు రెండు మరలతో బిగించుమని ఉస్తాద్‌ను కోరాడు.

ఉస్తాద్ డ్రిల్లు ముట్టుకోలేదు. "బాబూ, బొక్క కొట్టుడు నిమిషం పని. మళ్ల పూడ్చుడు ఎవ్వనితోనైతది? ఖిల్వత్ పోయి చౌమహల్లాల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసి రా. దాని పలకకు ఎవడన్న మర కొడితే ఊరుకుంటవా?" అన్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారై, 1911లో ఆయన మరణించిన తరువాత గాని పూర్తికాని 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. వెనుక భాగంలో సింహాసనం వంటి ఆసనం ఉన్నది. అధ్యాపకుని టి.సి. రాజవాహనం కాదు. అయినా పనివాని మర్యాదకు రెండూ ఒకటే.

విద్యుత్తుతోనూ చిక్కు వచ్చింది. నేటి కార్లలో బ్యాటరీ రుణధ్రువాన్ని కారు దేహానికి కలుపుతారు. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో ధనధ్రువాన్ని కలిపేవారు. సంగతి తెలియక కొత్త పరికరాన్ని తగిలిస్తే ఫ్యూజు పోవడం మంచి ఫలితం; తీగలు కాలడం చెడు ఫలితం. "దీని కరెంటు దీనికే ఉండనీ" అని ఉస్తాద్ కారు తీగలను కదపకుండా ఒక పవర్ బ్యాంకును సీటు కింద పెట్టాడు.

అసలు పరీక్ష అద్దం దగ్గర ఎదురైంది. ఈ పరికరాలు వాలుగా ఉండే నేటి అద్దాలకు తయారైనవి. డ్యాష్‌బోర్డు మీద వెల్లకిలా పడుకొన్న అంకె, వాలు అద్దంలో ప్రతిఫలించి నిలబడినట్లు కనబడుతుంది. టి.సి. అద్దం నిటారు కనుక అంకె ప్రతిబింబం కూడ పడుకొనే ఉన్నది! పరికరాన్ని ఏటవాలుగా ఎత్తి చూస్తే ఒకటికి రెండంకెలు కనబడ్డాయి. అధ్యాపకునిలోని ఉపాధ్యాయుడు మేల్కొన్నాడు. అద్దానికి లోపలి తలం ఒకటి, వెలుపలి తలం ఒకటి. రెండూ వెలుగును తిప్పిపంపుతాయి. అద్దం ఎంత మందమైతే ఆ రెండు ప్రతిబింబాలు అంత ఎడమవుతాయి అని వివరించాడు. అంతటితో ఆగలేదు. సమతల దర్పణంలో వస్తువు ఎంత ముందుంటే ప్రతిబింబం అంత వెనుక ఉంటుంది. చందమామ కావాలని మారాము చేసిన బాలరామునికి అద్దంలో చూపిన చంద్రుడు కూడ ఆకాశమంత దూరంలోనే ఉన్నాడన్నమాట. ఈ పరికరపు అంకె మాత్రం అద్దానికి జానెడు అవతలనే ఉంటుంది. విమానాలలో కటకాలు అమర్చి ఆ అంకెను అనంత దూరాన ఉన్నట్లు చూపుతారు. చవక పరికరంలో ఆ భాగ్యం లేదు. తల తిప్పే శ్రమ తప్పుతుందే గాని, చత్వారపు కన్ను దూరం నుండి దగ్గరకు సర్దుకొనే శ్రమ తప్పదు.

ఉస్తాద్ ఇదంతా శ్రద్ధగా విని, పల్చని పారదర్శక ప్లాస్టిక్ పలకను కోసి, నలభై అయిదు డిగ్రీల కోణంలో, మర లేకుండా రబ్బరు పట్టీల బిగింపుతో పరికరం మీద నిలిపాడు. కారు అద్దంతో పని లేకుండా పోయింది. కుమారునికి ఒకే అంకె స్ఫుటంగా కనబడింది. తండ్రి "బాగున్నది" అన్నాడు.

రాత్రి తొమ్మిది దాటిన తరువాత తండ్రీకొడుకులు ఫలక్‌నుమా వైపు బయలుదేరారు. అలియాబాద్ చేరకముందే తండ్రి కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"నీకు ఎన్ని అంకెలు కనబడుతున్నవి?"

"ఒకటే నాన్నా."

ఆయన ఒక కన్ను మూసి చూచాడు. తరువాత రెండవది మూసి చూచాడు. ప్రయోగశాలలో దోషం వెదికేటప్పుడు పరికరం ఒకటే ఉంచి పరిశీలకుని మార్చడం ఆయన ఏళ్ల తరబడి నేర్పిన పద్ధతి. కుడికన్ను ఒక్కదానితో చూచినా రెండంకెలే. ఎదురుగా వచ్చే దీపాలు కూడ పత్తిపువ్వుల వలె విచ్చుకొని కనబడుతున్నవని, కొన్ని నెలలుగా ఇంతేనని అప్పుడు చెప్పాడు. శుక్లం ముదిరితే ఒక్క కంటికే వస్తువు రెండుగా కనబడవచ్చునని ఆయన ఎరుగును. ఎరిగియుండి ఎందుకు చెప్పలేదని కుమారుడు అడగలేదు.

"రేపు కంటి ఆసుపత్రికి తీసుకొనిపో" అని తాళంచెవి ఇచ్చి, దిగి, ఎడమవైపు ఆసనంలో కూర్చున్నాడు. ఆ ఆసనంలో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

కుమారుడు కారును వెనుకకు తిప్పాడు. ఖాళీ అయిన రోడ్డుమీద ఇంజను కుదుటపడింది. తండ్రి ముందుకు వంగి, ముఖాన్ని స్పీడోమీటరుకు చేరువగా తెచ్చి, ముల్లు వాలును కొంతసేపు పరకాయించి చూచాడు.

"ఇరవై" అన్నాడు.

ప్లాస్టిక్ పలక మీద 32 వెలుగుతున్నది.