నిఘంటువు వెనక

పెద్దలకు కథలు వ్రాసిన వాడికి పిల్లలకు వ్రాయడం ఒక లెక్కా అనుకున్నాను. పైగా తెలుగులో ఎమ్మే, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగమూను! పదమూడు దాటి ఇరవై నిండని వారి కోసం ఒక కథ కావాలని మిత్రుడు అడగగానే, ఒక్క రాత్రిలో వ్రాసి పారేశాను.

తొమ్మిదో క్లాసు కుర్రాడు లెక్కల్లో తప్పి, మార్కుల కార్డు దాచేస్తాడు. తండ్రి కనిపెట్టి, కొట్టకుండా, పక్కన కూర్చోబెట్టుకుని హితబోధ చేస్తాడు. కుర్రాడు కళ్ళు తుడుచుకుని మరుసటి పరీక్షలో తొంభై తెచ్చుకుంటాడు. అదీ కథ.

మా అమ్మాయికిచ్చాను. దానిదీ తొమ్మిదో క్లాసే.

"బాగుంది నాన్నా" అంది, పండక్కి కొన్న నచ్చని బట్టల్ని మెచ్చుకున్నట్లు.

"ఏం బాగుంది?"

"తండ్రి బాగా మాట్లాడాడు. కుర్రాడు కార్డు ఎక్కడ దాచాడో, ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో మీరు వ్రాయనేలేదు."

నాకు రోషం వచ్చింది. ఆ రోషంలోనే కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు' తీశాను. అక్షరాభ్యాసంతో మొదలై, సుందరం ఎదుగుతూ చూసిన లోకమే మనమూ చూస్తాం. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా 'చందమామ'ను తీర్చిదిద్దిందీ ఆయనే. ఈ నవలను నేను క్లాసులో గంటలకొద్దీ విశ్లేషించాను. నా కథలో మాత్రం కుర్రాడు చూసిందంటూ ఒక్కటీ లేదు.

సరే, మళ్ళీ మొదలుపెట్టాను. కార్డు ఎక్కడ దాచాలో తోచలేదు.

"నువ్వయితే ఎక్కడ దాస్తావే?" అన్నాను మా అమ్మాయితో.

కాసేపు నేల చూసింది. "బియ్యం డబ్బాలో అయితే అమ్మ రోజూ చెయ్యి పెడుతుంది. మీ బీరువా పైవరుసలో, సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనక. అది మీరెప్పుడూ తియ్యరు."

తెలుగు పండితుడికి ఇంతకన్న అవమానముందా! నవ్వుతూనే స్టూలెక్కాను. సంపుటాల వెనక, నాలుగు మడతలు పెట్టిన సైన్సు పరీక్ష కాగితం. తండ్రి సంతకం చేయవలసిన చోట ఖాళీ.

కథలోని హితబోధ యావత్తూ నా నోటి దాకా వచ్చింది. కామాలతో సహా కంఠస్థమే కదా! ఎలాగో మింగాను.

"నిద్ర పట్టిందా?" అన్నాను.

"మూడు రాత్రులు పట్టలేదు" అంది.

కలం అడిగి సంతకం చేశాను.

ఇదంతా వ్రాసుకోమని అదే అన్నది. కథ ఇప్పుడు నాలుగోసారి వ్రాస్తున్నాను. తండ్రికి రెండే మాటలుంచాను. వాటిలో ఒకటి ఎక్కువేమో అంటోంది.