31 బస్తాల లెక్క

పోయిన వారం మా లెక్కల మేడం బోర్డు మీద ఒక సంఖ్య రాసింది. 18446744073709551615. మొత్తం ఇరవై అంకెలు. "ఇది మన తెలుగు పద్యంలోనే ఉన్నది" అన్నది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన అనే కవి, మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగులో పద్యాలుగా రాసినాడట. చదరంగంలో 64 గళ్ళు. మొదటి దాంట్లో 1, రెండో దాంట్లో 2, తర్వాత 4, ఇట్ల రెట్టింపు చేసుకుంట పోయి అన్నీ కూడితే ఈ సంఖ్య వస్తది. పద్యంలో అంకెలకు బదులు మాటలుంటయి. శశి అంటే 1, వేదం అంటే 4, శరం అంటే 5. కుడి నుంచి ఎడమకు రాసుకోవాలె. "మన జగిత్యాల సన్నాల గింజలు పోస్తున్నమనుకోండి" అన్నది మేడం.

రాత్రి స్టడీ అవర్‌ల నేను దాన్ని పట్టుకున్న. చివర 5 ఉన్నది, 5తో పోతది. అంకెలు కూడితే 87, అందుకే 3తో పోతది, 9తో పోదు. ఎందుకిట్ల అని చూసిన. మొదటి నాలుగు గళ్ళు కూడితే 15. తర్వాతి నాలుగు దానికి 16 రెట్లు, 240. ఇట్ల 64 గళ్ళు 16 కట్టలు. ప్రతి కట్టా 15తో పోతది. అందుకే మొత్తం కూడా శేషం లేకుండ పోతది.

ఇంకొకటి కనబడ్డది. ఎక్కడిదాకా కూడినా, తర్వాతి గడి కంటే ఒకటే తక్కువ. నాలుగు గళ్ళు కూడితే 15, ఐదో గడి 16. అయిదూ కూడితే 31.

ఈ 31 నేను ఇంతకుముందే విన్న.

మేము నాయకపోడోళ్ళం. మా ఊరు కోరుట్ల అవతల. మా తాత ఒక ఆసామి దగ్గర ఒక బస్తా వడ్లు అప్పు తెచ్చిండట. ఏడాదికి రెండు ఇయ్యాలె. ఇయ్యకపోతే మళ్ళ రెట్టింపు. నాలుగేండ్లు కాలం కాలేదు. 31 బస్తాల బాకీ అని చెప్పి మా చెలక తీసుకున్నరు. తాత వేలిముద్ర వేసిండు. బాపమ్మ ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పి ఏడుస్తది. చెలక పోయినంకనే బాపు సిరిసిల్లల సాంచెల కాడ పనికి పోయిండు.

రెట్టింపు వడ్డీ అన్యాయమే. కానీ ఆ లెక్కన చూసినా నాలుగేండ్లకు అయ్యేది 16 బస్తాలే. పాత బాకీ అంతా అందులోనే ఉన్నది. ఏడాదేడాదిది మళ్ళ కూడితేనే 31 అయితది. 15 బస్తాలు లేని అప్పు!

ఆదివారం బాపు నన్ను చూడవచ్చిండు. చెట్టు కింద చింతగింజలు పేర్చి చూపించిన. ఆయన రెండుసార్లు లెక్కపెట్టిండు. చాలాసేపు మాట్లాడలేదు. "మీ తాతకు చెప్పేటోళ్ళు లేకపాయె బిడ్డా" అన్నడు. పోయేటప్పుడు అంగి జేబుల నుంచి తన అడ్వాన్సు చీటీ తీసి, "ఇది కూడ జర చూడు" అని నా చేతిలో పెట్టిండు.

అక్కలారా, చెల్లెళ్ళారా, సెలవులకు ఇంటికి పోతే, ఎవరన్నా వేలిముద్ర వేసే ముందు ఆ కాయితం మీరు కూడి చూడండి.

— 9వ తరగతి విద్యార్థిని