మూల వదిలేయండి

ఒంట్లో ఇన్ని అవయవాలుండగా, లోకంలోని కాళ్లన్నీ వచ్చి పడేది మాత్రం నొప్పెడుతున్న బొటనవేలి మీదే. సిటీ బస్సులో పక్కవాడి బూటు, పెళ్లిలో రెండో బంతికి పరిగెత్తే పిల్లల మడమ, తిరుమల క్యూలో వెనకనుంచి తోసుకొచ్చే పెద్దాయన పాదం. ఇవేవీ దొరక్కపోతే మన ఇంట్లోదే మంచంకోడు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నారు. రోళ్లూ రోకళ్లూ పోయాయి గానీ, పోట్లకేం లోటు రాలేదు.

మా బాబాయి ఒకాయనకి ఆదివారం పూట గోళ్లు తీసుకోవడం ఓ వైభోగం. వరండాలో పేపరు పరుచుకుని, సగం విరిచిన బ్లేడు పట్టుకుని కూర్చుంటాడు. కాలి గోరు ముందు గుండ్రంగా తీస్తాడు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. బ్లేడు మొనని గోరు పక్కకి దించి, ఊపిరి బిగబట్టి, లోపల దాక్కున్న మూలని పైకి లాగుతాడు. నువ్వుగింజంత ముక్క. దాన్ని వెలుతురుకేసి పట్టి చూసుకుని, 'అమ్మయ్య' అంటాడు. వచ్చిన చిక్కంతా ఆ 'అమ్మయ్య'లోనే ఉంది.

మూల లోతుగా తీసేస్తే ఆ ఖాళీలోకి పక్కనున్న కండ ఎగదన్నుకొస్తుంది. పైగా బ్లేడు చివరంటా చేరదు కాబట్టి, కంటికి కనబడని చోట గోటి మొన ఒకటి మిగిలిపోతుంది. గోరు తన మానాన తను ముందుకు పెరుగుతుంటే, ఆ మొన కండలో దిగుతుంది. వేలు ఎర్రబడి వాస్తుంది, దుప్పటి తగిలినా ప్రాణం పోతుంది. బాబాయి మళ్లీ బ్లేడు తీస్తాడు, ఇంకాస్త లోతుకి వెళ్తాడు. నాలుగు రోజులు హాయి, ఆపైన కొత్త మొన. అప్పు తీర్చడానికి అప్పు చేసే సంసారం అది.

తప్పంతా బ్లేడుదే కాదు. 'ఇంకో ఏడాది వస్తాయిలే' అని పిల్లలకి తొడిగే బిగుతు స్కూలు బూట్లు, ముందు సన్నగా ఉండే ఆఫీసు బూట్లు, బంతాటలో తగిలిన దెబ్బ, సాక్సుల్లో నానే చెమట, అన్నీ తలో చెయ్యీ వేస్తాయి. కొందరికి పుట్టుకతోనే గోరు అంచులు లోపలికి వంగి ఉంటాయి.

వాపు మొదట్లోనే ఉంటే ఇంటి వైద్యం చాలు. రోజుకి మూడు నాలుగు సార్లు గోరువెచ్చని నీళ్లలో పావుగంట పాదం ముంచి, తుడిచి పొడిగా ఉంచాలి. మెత్తబడిన గోరు మూల కింద దూదిపోగుని సన్నగా పేని దూర్చి, రోజూ మారుస్తుంటే అంచు కండ మీదికి తేలుతుంది. ఆ నాళ్లలో బూట్లకి సెలవు, వేళ్లు విడిచి ఉండే చెప్పులే మేలు. చేతి గోరుచుట్టుకి నిమ్మకాయ తొడిగే అమ్మమ్మలు ఈ వేలికీ అదే చెబుతారు గానీ, నిమ్మకాయతో నడిచేదెలా? గోరు మధ్యలో గంటు పెడితే అంచులు లోపలికి లాక్కుంటాయన్నది ఇంకో నమ్మకం. గోరు పెరిగేది మొదట్లోంచి. కొసన మనం పెట్టిన గంటు దానికేం తెలుసు?

చీము పట్టినా, పక్కన పచ్చికండ లేచినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మొన లోపలే ఉండగా మాత్రలు మింగితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వాస్తుంది. వేలి మొదట్లో ఇటూ అటూ మత్తు సూది వేస్తారు, పళ్లు బిగించాల్సింది అప్పుడే. ఆపైన గోరంతా పీకరు. గుచ్చుకుంటున్న అంచుని మాత్రం సన్నని పేలికలా మొదలంటా తీసి, ఆ మొదట్లో ఫినాల్ అనే రసాయనం అద్దుతారు. ఆ పక్క మళ్లీ గోరు మొలవడం అరుదు. కట్టు కట్టించుకుని ఆ రోజే ఇంటికి రావచ్చు. షుగరున్నవాళ్లు మాత్రం సొంత వైద్యం జోలికి అసలు పోకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి పుండు ముదిరేదాకా నొప్పే తెలియకపోవచ్చు.

రాకుండా చూసుకోవడం ఇంతకన్నా సులువు. స్నానం చేశాక గోరు మెత్తగా ఉన్నప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మరీ పొట్టిగా వద్దు. మూలలు కండ దాటి బయటికి కనబడాలి, గీరుకుంటుంటే ఆకురాయితో కాస్త నున్న చేస్తే సరి. బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి తన అసలు కొలత చెబుతుంది.

కాలి గోరు నెలకి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంటే తవ్వేసిన మూల మళ్లీ కండ దాటి బయటికి రావడానికి నెలలు కావాలి. అన్నాళ్లూ దాని జోలికి పోకుండా ఉండటమే అసలు మందు. దుకాణంలో దొరకదు, బాబాయిలాంటి వాళ్లకి మింగుడూ పడదు.