మాట దొరికింది, పాట దొరకలేదు

ఈమధ్య వచ్చే చిన్న సినిమాల గురించీ వెబ్ సిరీసుల గురించీ ఎవరైనా అడిగితే, హీరోని వదిలేసి పక్కవాణ్ని చూడమంటాను. కొడుకుని తిట్టడానికే పొద్దున్నే నిద్రలేచే తండ్రి, సంబంధం చెడగొట్టి ఏమీ ఎరగనట్టు కాఫీ తాగే మేనమామ, అప్పు పెట్టి ఆ సంగతి ఊరంతా చెప్పుకునే కొట్టు ఆసామి... సరుకంతా వీళ్ల దగ్గరే ఉంటుంది. హీరో హీరోయిన్లు ఏ జిల్లా కథలోనైనా ఒకేలా ప్రేమించుకుంటారు. పక్కవాళ్లు మాత్రం జిల్లాకో రకంగా తిడతారు.

మా తెనాలి వైపు తిట్టు తెరమీద సరిగ్గా వినపడింది 'మిడిల్ క్లాస్ మెలొడీస్'లో. వినోద్ అనంతోజు తీశాడు. ఆనంద్ దేవరకొండ వేసిన కుర్రాడిది కొలకలూరు, అంటే మా మండలమే. గుంటూరులో హోటలు పెట్టి తన బొంబాయి చట్నీ రుచి పదిమందికీ చూపించాలని వాడి ఆశ. వాడి తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ వేశారు. ఆయన తిట్టడం మొదలుపెడితే ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో పట్టుకోవడం కష్టం. కోపంలోంచి జాలిలోకి, జాలిలోంచి వెటకారంలోకి ఒక్క వాక్యంలోనే పోయొస్తాడు. మైకు లేకపోయినా ఆఖరి వరసకు మాట చేరాలన్న పట్టుదలతో స్టేజీమీద ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషికి తప్ప ఆ దమ్ము రాదు. రమణ నాటకంలోంచి వచ్చిన మనిషే. పరిషత్తు నాటకాలు చూసి పెరిగినవాళ్లు ఆ గొంతు వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

పాపం, ఆ సినిమా హాలు మొహం చూడలేదు. కరోనా రోజుల్లో, 2020 నవంబరు 20న, నేరుగా ప్రైమ్‌లోకి వచ్చింది. తెనాలిలో ఆడి ఉంటే కొలకలూరు పేరు వినపడ్డప్పుడల్లా ఈల పడేది. అదేం లేకుండా ఎవరింట్లో వాళ్లం, ఎవరి ఫోన్లో వాళ్లం చూసేశాం. మా వీధిలో ఒకాయన మాత్రం రాత్రి పదింటికి ఫోన్ చేసి, "ఏమండీ, బొంబాయి చట్నీ అంటే సెనగపిండి చట్నీయే గదా, వాడేందో కొత్తగా కనిపెట్టినట్టు చెప్తన్నాడే!" అని నిలదీశాడు. ఆ సినిమా మీద నేను విన్న విమర్శలన్నిట్లోకీ నాకు నచ్చింది ఇదే. రెండో సగం కాస్త సాగిందన్నది నా మాట. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పెద్ద సినిమాల్లో గుంటూరు అంటే మిర్చి యార్డూ, కత్తులూ, గాల్లోకి లేచే సుమోలూ. బుర్రిపాలెం మనవడు మహేశ్‌బాబు 2024 సంక్రాంతికి 'గుంటూరు కారం' అంటే మా తాలూకా అంతా ఎగబడి చూసింది, నేనూ చూశాను. కారం తగిలింది గానీ గుంటూరు తగల్లేదు. అదే చిన్న సినిమా అయితే ఖర్చుకు భయపడి ఊళ్లోనే తీస్తుంది, ఊరివాళ్లనే పెడుతుంది. వెంకటేశ్ మహా 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' తీసినప్పుడు ఆ పేటవాళ్లనే తెరమీద నిలబెట్టాడు. 'బలగం'లో వేణు ఎల్దండి తెలంగాణ పల్లెలో చావింటిని కథ చేశాడు. డబ్బు లేకపోవడం వల్ల కొన్ని మంచి పనులు వాటంతటవే జరిగిపోతాయి.

రేపల్లెలో ఉండే మా బావ నా ఎంపికకు ఒప్పుకోడు. ఆయనకు 'కలర్ ఫొటో' కంటే గొప్ప సినిమా లేదు. అది బందరు కథ. పెనుమూడి వారధి దాటి అవనిగడ్డ మీదుగా పోతే రేపల్లెకు బందరు పక్కూరే గనక, "మన సినిమానే గదయ్యా" అని లాగేసుకుంటాడు. సుహాస్ మొహం చూస్తే తన కాలేజీ రోజులు గుర్తొస్తాయట. ఇంతకీ ఆయన చదివింది బాపట్లలో. సందీప్ రాజ్ తీసిన ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చిందని ఆయన నాకు చెప్పని పండగ లేదు. సునీల్ చేత విలన్ వేషం వేయించినందుకు నేనూ ఆ దర్శకుడికి దణ్ణం పెడతాను. చివర్లో మనల్ని ఏడిపించకుండా వదలకూడదన్న పంతం మాత్రం ఎక్కువైంది. ఆ మాటంటే బావ మా చెల్లెల్ని పిలిచి, "మీ అన్నయ్యకి గుండె లేదమ్మాయ్" అంటాడు.

బాపట్లలో మా అక్క ఓటు '90స్'కి. ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన సిరీసు అది, ఆదిత్య హాసన్ తీశాడు. కథ జరిగేది వనపర్తిలో. లెక్కల మాస్టారుగా శివాజీ, ఆయన భార్యగా వాసుకి, ముగ్గురు పిల్లలు. పైసా పైసా కూడబెట్టే ఇల్లు, ఉప్మా చూస్తే మొహం మాడ్చుకునే పిల్లలు. పాలమూరు ఇంటికీ బాపట్ల ఇంటికీ తేడా యాసలోనే ఉంది, చిల్లర లెక్కల్లో లేదు. అందుకే అక్క ప్రతి సీనుకూ, "ఇది మన నాన్నే, చూడరా" అంటూ కూర్చుంది. రోజూ సీరియళ్లకు అలవాటుపడ్డ మనిషి కదా, ఆరు భాగాలకే అయిపోతే మోసపోయినట్టు ఫీలయింది. నాకు నచ్చనిదల్లా ఒక్కటే, పాత రోజుల్ని మరీ ఉతికి ఇస్త్రీ చేసి చూపించారు. ఆ రోజుల్లో అప్పులవాళ్లు ఇంటిముందు కూర్చునేవాళ్లు కూడా. ఆ సీను ఎవరూ తీయరు.

'ఇండీ' అనగానే ఇదంతా హైదరాబాదు కుర్రాళ్లు నిన్న గాక మొన్న కనిపెట్టినట్టు మాట్లాడతారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1972లో అదూర్ గోపాలకృష్ణన్ మలయాళంలో తన మొదటి సినిమా 'స్వయంవరం' తీశాడు. స్టూడియోల సంప్రదాయానికి ఎదురెళ్లి, ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పుతో లాక్కొచ్చిన సినిమా. ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దానికే వచ్చింది. అందులో సీతగా వేసి ఉత్తమ నటి అవార్డు తెచ్చుకున్న శారద మా తెనాలి పిల్ల. మాకు ఆవిడ 'ఊర్వశి' శారద, కన్నీళ్ల శారద. చేతిలో పైసా లేక నగరంలో గది వెతుక్కునే ఆ సినిమాలోని శారదను తెనాలిలో ఎంతమంది చూశారో నాకు అనుమానమే. ఆవిడ ఊళ్లో పుట్టి ఆవిడ మంచి సినిమా చూడకపోవడం మాకే చెల్లింది.

ఇంతవరకూ సినిమాల మాట. పాటకు వచ్చేసరికి నా గొంతు మారుతుంది. చిన్న సినిమా అనగానే ఒక పాట తప్పదు. హీరో బస్సు కిటికీ పక్కన కూర్చుంటాడు, గిటారు రెండు తీగలు మోగుతాయి, ఎవరో నిద్రలోంచి లేచినట్టు మెత్తగా పాడతాడు, ఈలోపు నాలుగు నెలల కథ గడిచిపోతుంది. బస్సు మారుతుంది, కిటికీ మారుతుంది, పాట మాత్రం అదే. కొలకలూరు తండ్రి మాటను అంత శ్రద్ధగా పట్టుకున్నవాళ్లు కొలకలూరులో వినపడే పాటను ఎందుకు పట్టుకోరు? హార్మోనియం లేదా? బుర్రకథ గుమ్మెట లేదా? శివరాత్రి ప్రభలముందు డప్పు లేదా? 'కలర్ ఫొటో'లో కాలభైరవ పాటలు బాగుంటాయి, కాదనను. బందరు వాసన మాత్రం వాటికి లేదు.

తెలుగులో నిజంగా సొంత కాళ్లమీద నడిచే పాట ఇవాళ తెలంగాణ జానపదమే. నలుగురు కుర్రాళ్లు కలిసి రాసుకుంటారు, పొలం గట్టున తీసుకుంటారు, యూట్యూబ్‌లో వదులుతారు. సినిమా అవసరం లేదు, ఆడియో కంపెనీ అవసరం లేదు. మోహన భోగరాజు 'బుల్లెట్టు బండి' వచ్చిన ఏడాది, 2021లో, మా వైపు పెళ్లి ఊరేగింపుల్లో డీజేవాడు ఇంకోటి వేస్తే ఊరుకునేవాళ్లు కాదు. తర్వాత 'రాను బొంబాయికి రాను' వచ్చింది. తెనాలి నుంచి రేపల్లె పోయే బండి వేమూరు దాటి భట్టిప్రోలు చేరేలోపు అది ఎన్ని ఫోన్లలో మోగిందో, ఎన్ని ఫోన్లలో మధ్యలో తెగి మళ్లీ మొదలైందో! ఎదురుగా కూరగాయల గంప పెట్టుకున్న పెద్దావిడ విసుక్కుంది: "ఆ పిల్ల రానంటంది గదా, ఇంకేందిరా దాని ఎనకాల పడతారు?" కుర్రాళ్లు నవ్వి, సౌండ్ ఇంకాస్త పెంచారు.

మా డెల్టాలో అలాంటి పాట ఎందుకు పుట్టదంటే, పుట్టినవాణ్ని పుట్టినట్టే సినిమా ఎత్తుకుపోయింది. గొంతున్నవాడు మద్రాసు రైలెక్కేవాడు. ఇప్పటికీ అంతే. చౌరస్తా బ్యాండులో జనానికి తెలిసిన రామ్ మిరియాలను 'జాతిరత్నాలు' చిట్టి పాట, తర్వాత 'డీజే టిల్లు' వచ్చి పట్టుకుపోయాయి. అతనికి మంచే జరిగింది. బ్యాండుకు ఏం మిగిలిందన్నదే నా బెంగ.

వెళ్లి తిరిగొచ్చినవాడు మాకు ఒకాయన ఉన్నారు, మోపర్రు ఎం.ఎస్.రామారావు. 1944 నాటి 'తాసిల్దారు'లో పాడిన ఆయన్నే తెలుగులో తొలి నేపథ్య గాయకుడంటారు. సినిమా ఆయన్ను మర్చిపోయింది, ఆయన సినిమాను మర్చిపోయారు. తనే రాసుకుని, తనే వరస కట్టుకుని, తనే పాడిన సుందరకాండ మాత్రం గుడి మైకుల్లోంచి ఇవాళ్టికీ వస్తోంది. ఏ రేటింగులూ, ఏ ప్లేలిస్టులూ లేకుండా ఇన్నేళ్లు నిలిచిన ఇండీ ఆల్బం ఇంకోటి చూపించమని మా బావకు సవాలు చేశాను. ఆయన "అది భక్తి, దీన్లో కలపమాక" అని తప్పించుకున్నాడు. భక్తి అయితే మాత్రం రామారావుగారికి డబ్బెవరు పెట్టారు, నిర్మాత ఎవరు, హీరో ఎవరు?

బాపట్లవాళ్లకు స్థానం నరసింహారావు ఉన్నారు. 1902లో అక్కడే పుట్టి, తెనాలి రామవిలాస సభలో పేరు తెచ్చుకుని, ఆడవేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేసి 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. సత్యభామగా తను పాడుకోవడానికి 'మీరజాలగలడా' పాట ఆయనే రాసుకున్నారు. వేషం తనది, గొంతు తనది, పాట కూడా తనదే. 1966లో సినిమా వచ్చి దాన్ని కూడా తీసుకుపోయింది. సుశీల పాడితే, దుగ్గిరాలలో పెరిగిన జమున అభినయించింది. అద్భుతంగా ఉంటుంది, ఒక్క మాటనను. అయితే ఇవాళ ఆ పాట ఎవరిదని అడిగితే పదిమందిలో తొమ్మండుగురు సుశీల పేరో జమున పేరో చెబుతారు.

మొన్న సూర్యలంక బీచిలో ఒక కాలేజీ కుర్రాడు షార్ట్ ఫిలిం తీస్తుంటే అక్క కొడుకు నన్ను తీసుకెళ్లి, "మా మావయ్య అన్నీ చూస్తాడు" అని పరిచయం చేశాడు. ఆ కుర్రాడు ఇసకలోనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఎనిమిది నిమిషాల బొమ్మ చూపించాడు. వేటకెళ్లిన తండ్రి కోసం ఎదురుచూసే పిల్లాడి కథ. వలలు బాగుచేస్తూ ఒక ముసలాయన ఆ పిల్లాణ్ని కసురుకునే సీను ఉంది. ఆ ముసలాయన నిజంగా అక్కడి మత్స్యకారుడే, కెమెరా ఉన్న సంగతి కూడా పట్టించుకోలేదు. చాలా బాగుంది. ఆ సీను అయిపోగానే గిటారు మొదలైంది.

ఆ పాట తీసేయవయ్యా, ఆ ముసలాయన్నే ఏదైనా పాడమను, వల లాగేటప్పుడు వాళ్లకు పదాలుంటాయి గదా అన్నాను. ఆ కుర్రాడు మర్యాదగా విన్నాడు.

"పాడమన్నానండీ. ఆయన ఎన్టీఆర్ సినిమా పాట అందుకున్నాడు. కాపీరైటు కొట్టుద్దని ఆపేశా."