పట్టింది కదా అనుకోకూడదు

రైఫిల్ అనగానే అందరి చూపూ బ్యారెల్ మీదికే పోతుంది. ఏఆర్-15 కింది భాగాన్ని ఇంట్లో బిగించాక నా చూపు మారింది. తుపాకీ మన మాట వినేదీ లేనిదీ తేల్చేవి గోరు మీద పట్టేంత ముక్కలు.

టెక్సస్‌లో ఇది చట్టం ఒప్పుకునే పనే. సీరియల్ నంబరున్న లోయర్ రిసీవర్‌నే అమెరికా చట్టం తుపాకీగా లెక్కిస్తుంది. దాన్ని లైసెన్సున్న డీలరు దగ్గర 4473 ఫారం నింపి, తనిఖీ పూర్తయ్యాకే తెచ్చుకోవాలి. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకునే హక్కు లేదు. అందుకే పౌరసత్వం వచ్చాకే నేను ఈ పనికి పూనుకున్నాను. ఇండియాలోనైతే లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

పక్కన మా పెద్దనాన్నగారి అబ్బాయి కూర్చున్నాడు. బాలానగర్‌లో లేత్ మిషన్ల మీద చెయ్యి తిరిగినవాడు. తుపాకీ సంగతి ఆయనకు కొత్త, ఇనుము సంగతి కాదు. రోల్ పిన్ సగం దిగి ఆగినప్పుడు నా చేతిలో సుత్తి పైకి లేచింది. "ఆగరా, అది రానంటోందంటే ఎక్కడో అడ్డం ఉన్నట్టే. ముందు వంకర చూడు" అన్నాడు. చూస్తే పిన్ కాస్త పక్కకు ఒరిగి ఉంది. సరిచేసి, రంగు గీసుకుపోకుండా టేపు అంటించి, సరైన సైజు పంచ్‌తో మెల్లగా తడితే దిగిపోయింది.

అన్నిటికన్నా ఓపిక అడిగింది ముందువైపు పివట్ పిన్. దాన్ని కదలకుండా పట్టి ఉంచేది డిటెంట్ అనే బియ్యపు గింజంత ఉక్కు ముక్క. దాని వెనక సన్నటి స్ప్రింగ్. ముక్కను లోపలికి నొక్కి ఉంచుతూనే పిన్‌ను పైకి జరపాలి. వేలు జారిందా, గది అవతల ఎక్కడ పడుతుందో తెలీదు, కంట్లో పడ్డా పడొచ్చు. అన్నయ్య నా చేత కళ్లజోడు పెట్టించి, పనంతా పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో చేయించాడు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం హ్యామర్ స్ప్రింగ్. దాని రెండు కాళ్లూ ట్రిగ్గర్ పిన్ మీద ఆనాలి. తిరగేసి పెట్టినా అది లోపల పట్టేస్తుంది, పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. హ్యామర్ దెబ్బలో మాత్రం బలం ఉండదు, తూటా పేలకపోవచ్చు. పట్టిందంటే కుదిరినట్టే అని ఆఫీసులోనూ ఇంట్లోనూ ఎన్నో పనులు వదిలేస్తుంటాం. పరీక్షించి చూసేదాకా కుదిరిందనడానికి లేదని ఈ స్ప్రింగ్ దగ్గరే నాకు గట్టిగా తెలిసొచ్చింది.

పరీక్ష కష్టమేమీ కాదు. గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. హ్యామర్ వచ్చి ఉత్త లోహాన్ని కొట్టకుండా బొటనవేలు అడ్డం పెట్టాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ కదలకూడదు. సేఫ్టీ తీసి నొక్కితే వదలాలి. ట్రిగ్గర్‌ను నొక్కిపట్టే హ్యామర్‌ను వెనక్కి వంచితే డిస్కనెక్టర్ దాన్ని పట్టుకోవాలి. ఒక నొక్కుకు ఒకే గుండు పేలేలా చూసేది ఆ చిన్న ముక్కే. ట్రిగ్గర్ మెల్లగా వదిలితే టక్కుమన్న చప్పుడుతో హ్యామర్ ట్రిగ్గర్ పట్టులోకి మారాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ తుపాకీ ఇంకా పూర్తి కానట్టే, ఎంత అందంగా ఉన్నా సరే.

చట్టం ఒప్పుకునే చోట ఈ పని చేసే తెలుగువారికి నా మనవి ఒకటే. పరీక్షలన్నీ నెగ్గినా, మొదటి తూటా పెట్టేముందు తెలిసిన గన్‌స్మిత్‌కు ఒకసారి చూపించండి.