మంజీర ఒడ్డున లొట్టి కల్లు

బిలోలి పేరు మన పాఠకుల్లో ఎంతమంది విని ఉంటారో నాకు తెలియదు. నాందేడ్ జిల్లాలో అదొక తాలూకా కేంద్రం. నాందేడ్ నుంచి డెబ్భై, ఎనభై కిలోమీటర్లు. అటు తెలంగాణలోని బోధన్‌కైతే పాతిక పైచిలుకే. మధ్యలో మంజీరా నది. మనవాళ్ళు బాసర దాకా వస్తారు, సరస్వతీ దర్శనం చేసుకుంటారు, పిల్లలకు అక్షరాభ్యాసం చేయించి వెనక్కి వెళ్ళిపోతారు. ఇంకాస్త ఇవతలికి వచ్చి బిలోలి చూసినవారు అరుదు. చూడడానికి ఏముందంటే, ఒక పాత రాతి మసీదు ఉంది, సంత ఉంది, చుట్టూ నల్లరేగడి పొలాలున్నాయి. అంతే. బ్యాంకు ఉద్యోగం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళే జీవుణ్ణి కనుక నేను అక్కడ మూడేళ్ళు ఉన్నాను. ఉన్నానని సంతోషిస్తున్నాను కూడా.

ఈ వ్యాసం కల్లు గురించి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇదేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. నేను తాగుడును సమర్థించేవాణ్ణి కాను. కానీ తెలంగాణ ఊళ్ళలో ఎల్లమ్మకు సాక పోయాలన్నా, దసరాకు చుట్టాన్ని పిలవాలన్నా కల్లు లేకుండా జరగదు. ఆ ఎల్లమ్మే రేణుకాదేవిగా కొలువై ఉన్న మాహూరు క్షేత్రం ఇదే నాందేడ్ జిల్లాలో ఉందని గుర్తు చేస్తే పెద్దలు కొంత శాంతిస్తారని నా ఆశ.

బిలోలిలో భాష ఒక చిత్రం. కిరాణా కొట్టులో మాట మరాఠీలో మొదలవుతుంది, బేరం తెలుగులో నడుస్తుంది, చిల్లర దగ్గర దక్కనీ ఉర్దూ వస్తుంది. మా శాఖకు వచ్చే రైతుల్లో ఇంటిపేరు తెలుగుది, సంతకం మరాఠీది అయినవాళ్ళు ఎంతోమంది. కల్లుకు కూడా అన్ని పేర్లూ ఉన్నాయి. మన ఈతచెట్టు వాళ్ళకు శింది. నిజాం కాలపు కాగితాల్లో ఈతకల్లు ‘సేంది’. తాటికల్లును మరాఠీలో తాడి అంటారు. గోదావరిని మాత్రం రెండు వైపుల పల్లె జనమూ ‘గంగ’ అనే అంటారు.

ఈ మూడు పేర్ల వెనక కొంత చరిత్ర ఉంది. నిజాం సంస్థానానికి ఆబ్కారీ పెద్ద ఆదాయం. ఊరూరా సేంది కాంట్రాక్టులు, చెట్టు చెట్టుకూ పన్ను. అందుకే 1947-48లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం నడిచినప్పుడు, సర్కారు ఖజానాకు గండి కొట్టాలని ఈతచెట్లు, తాటిచెట్లు నరకడం సత్యాగ్రహంలో ఒక భాగమైంది. మరాఠ్వాడాలోనూ అది జరిగింది, తెలంగాణలోనూ జరిగింది. దేశభక్తి కోసం గొడ్డలి పట్టడం సరే. ఆ చెట్టునే నమ్ముకున్న గౌండ్లాయన ఆ రోజు రాత్రి ఏం తిన్నాడో ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

తర్వాత 1956 నవంబరు 1 వచ్చింది. అప్పటిదాకా ఒకే సంస్థానంలో ఉన్న రెండు ఒడ్లు రెండు రాష్ట్రాలయ్యాయి. బిలోలి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర అయింది. బోధన్ ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014లో తెలంగాణలోకి చేరింది. బొంబాయి రాష్ట్రంలో 1949 నాటి మద్యనిషేధ చట్టం అప్పటికే ఉంది. కొత్తగా కలిసిన జిల్లాలకూ తర్వాత అదే వర్తించింది. ఎన్నో సడలింపులు వచ్చినా ఆ చట్టం చట్రం మహారాష్ట్రలో ఇప్పటికీ ఉంది. తాగేవాడికి పర్మిట్ ఉండాలనే నిబంధన అందులోదే. కనుక ఒకే ఏరు, ఒకే చెట్టు, ఒకే కులం మనిషి గీసిన ఒకే కల్లు. ఒక ఒడ్డున అది ఊరి ఆచారం, మరో ఒడ్డున కాగితాల వ్యవహారం.

బిలోలి నుంచి బోధన్ రోడ్డు పట్టుకుంటే యెస్గి అనే ఊరు వస్తుంది. అక్కడే మంజీర మీద వంతెన. అవతల సాలూర. వేసవిలో నీరు సన్నగా పారుతుంది, మిగతాదంతా ఇసుక. ఇసుక లారీలు ఆ దారిని ఎంత పాడు చేశాయో మోటారు సైకిలు మీద వెళ్ళిన నా నడుముకు తెలుసు. మంజీర ఇంకొంత కిందికి పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆదివారం పొద్దున్నే ఆ వంతెన మీద ఇవతలి నుంచి అవతలికి పోయే జనాన్ని చూస్తే ఏ పెళ్ళికో పోతున్నారనిపిస్తుంది. సగంమంది పోయేది కల్లుకే.

నన్ను మొదటిసారి తీసుకుపోయింది మా శాఖలో పనిచేసే అటెండరు. పొలం గట్టు మీద తాళ్ళ వరస. వాటి కింద ఒక పెద్దాయన. వయసు అరవై దాటి ఉంటుంది. మోకు, ముస్తాదు, రెండు రకాల కత్తులు, సానపెట్టే చెక్క. చెట్టునూ తన నడుమునూ కలిపి మోకు చుట్టుకుని, పాదాలకు తాడు బంధం వేసుకుని, మనం మేడమెట్లు ఎక్కినంత సులువుగా ఎక్కిపోయాడు. పైన ఆయన చేసే పని కింద నిలబడితే కనబడదు. తర్వాత అడిగి తెలుసుకున్నాను. తాటిచెట్టులో పోతుతాడు, పండుతాడు అని రెండు ఉంటాయి. పోతుదానికి కంకులు వస్తాయి, పండుదానికి కాయల గెలలు. ఆ గెలను ముందు కొన్నాళ్ళు మెల్లగా నొక్కి మెత్తబరచాలి. తర్వాత దాని కొసను పొద్దునా సాయంత్రం పలచటి పొరగా చెక్కాలి. పొర కాస్త మందమైతే గెల త్వరగా అయిపోతుంది, మరీ పలచనైతే రసం ఊరదు. ఈత సంగతి వేరు. దానికి గెలతో పని లేదు, మొవ్వు కింద మొద్దునే గీస్తారు. ఈ ఏడు ఒక పక్క గీస్తే వచ్చే ఏడు రెండో పక్క. అందుకే ముసలి ఈతచెట్టు మొద్దు మెట్లు మెట్లుగా, వంకర టింకరగా ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో చెప్పవచ్చు. మా లెడ్జర్ల కన్నా నమ్మదగిన ఖాతా.

“సారూ, లొట్టి దించంగనె తాగాలె. మీ ఆఫీసు లెక్క పది గంటలకు వస్తనంటె ఇది ఊకోదు” అన్నాడాయన. తాటాకు రేక మడిచి చేతికిచ్చాడు. రేక కొసను నోటి దగ్గర పెట్టుకోవాలి, పైనుంచి ఆయన పోస్తాడు. నాకు చొక్కా మీదే ఎక్కువ పడింది. పడినంతలో రుచి మాత్రం ఈనాటికీ గుర్తుంది. తియ్యగా, కొంచెం పుల్లగా, నాలుక మీద సన్నగా చిమచిమలాడుతూ.

ఇందులో ఎవరూ ఏమీ కలపరు. చెట్టు నుంచి చుక్క పడేటప్పుడు అది తియ్యటి నీరే, నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర. గాలిలోని, లొట్టిలోని ఈస్టు ఆ క్షణం నుంచే దాన్ని పులియబెట్టడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు చేరుతుంది, అంటే మామూలు బీరంత. మర్నాటికి పులిసి పులిసి సిర్కా అయిపోతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది; అదే నీరా. కామర్సు చదివినవాడి బుద్ధి కనుక నాకు వెంటనే తోచిందేమిటంటే, ఈ వ్యాపారంలో క్లోజింగ్ స్టాకు అనే పద్దే లేదు. తరుగుదల ఏడాది లెక్కన కాదు, గంటల లెక్కన. ఇలాంటి సరుకును తాకట్టు పెట్టుకుని ఏ బ్యాంకూ అప్పివ్వదు.

ఇక్కడ కొంచెం దూరం పోతాను, విసుక్కోకండి. మా అబ్బాయి ఉద్యోగరీత్యా పోలండ్ దేశంలోని వ్రోత్స్వాఫ్ నగరంలో ఉన్నాడు. నిరుడు మేమిద్దరం వెళ్ళి నెల రోజులున్నాం. ఆ ఊరి పురభవనం కింద 13వ శతాబ్దం నాటి పానశాల ఒకటుంది. 2010 నుంచి అక్కడ ‘మంచి బీరు’ పేరుతో ఏటా ఉత్సవం చేస్తున్నారు. చిన్న చిన్న బట్టీల వాళ్ళు తమ చేతి బీరును తెచ్చి పెడతారు, జనం పిల్లాపాపలతో వస్తారు. అందులో గ్రోజిస్కియె అనే పాతకాలపు బీరు గురించి మా అబ్బాయి చెప్పాడు. ఓక్ కట్టెల పొగ పట్టించిన గోధుమ మొలకలతో చేస్తారు, మత్తు చాలా తక్కువ. గ్రోజిస్క్ అనే చిన్న ఊరు దానికి పుట్టిల్లు. అక్కడి బట్టీ 1993లో మూతపడింది. దానితో ఆ బీరూ పోయిందనుకున్నారు. అయితే ఇళ్ళలో సరదాగా బీరు కాచుకునేవాళ్ళ సంఘం ఒకటి పాత ఈస్టును, పాత పద్ధతిని వెతికి పట్టుకుంది. 2015లో అదే ఊళ్ళో బట్టీ మళ్ళీ మొదలైంది. గ్లాసు చేతిలో పట్టుకున్న నాకు ఎదురుగా ఆ పురభవనం కనిపించలేదు, సాలూర తాళ్ళ వరస కనిపించింది.

ఎందుకంటే ఆ బీరుకు కాగితాలున్నాయి, సీసాలో దాచిన ఈస్టు ఉంది. ఇరవై రెండేళ్ళు ఆగి మళ్ళీ మొదలుపెట్టగలిగారు. కల్లుకు అలాంటిదేమీ లేదు. గెలను ఎంత నొక్కాలో, పొర ఎంత తీయాలో ఆ పెద్దాయన చేతికి తెలుసు, ఆయన కొడుక్కు తెలియదు. కొడుకు నిజామాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. తప్పు పట్టను. చెట్టు మీది నుంచి పడి నడుములు విరిగినవాళ్ళు, ప్రాణాలు పోయినవాళ్ళు ఆ కుటుంబాల్లో ఉన్నారు. పడకుండా పట్టుకునే పరికరాలను ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. ఇది చాలా ముందే జరగవలసిన పని.

చెట్లు తగ్గాయి, ఎక్కేవాళ్ళు తగ్గారు. తాగేవాళ్ళు తగ్గలేదు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. చెట్టు ఇవ్వలేని కల్లును మనుషులు తయారు చేస్తున్నారు. నీళ్ళు, శాకరిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రజోలమ్. పేరు కల్లే, చూడడానికీ తెల్లగానే ఉంటుంది. అలవాటు పడిన కూలీ మనిషికి ఒక్కరోజు అది దొరక్కపోతే వణుకు, మూర్ఛ, మతి చలించడం. 2015 సెప్టెంబరులో అధికారులు ఈ కల్తీని అరికట్టబోతే నిజామాబాద్ జిల్లాలో జనం అలాగే ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. బిలోలి నుంచి ఆదివారం వంతెన దాటే కూలీల్లో చాలామంది పోయేది చెట్టు కిందికి కాదు, రోడ్డు పక్క దుకాణానికి. వాళ్ళు తాగేది ఏమిటో వాళ్ళకూ తెలుసు. చెట్టు కల్లు ‘ఎక్కదు’ అని ఒకాయన నాతోనే అన్నాడు. ఆ మాట విన్న పెద్దాయన ముఖం నేను చూశాను. ఆయన ఏమీ అనలేదు, కత్తి సాన పెట్టుకుంటూ కూర్చున్నాడు.

హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు. మంచిదే. పట్నంలో కారు దిగి శుభ్రమైన గ్లాసులో నీరా తాగేవాళ్ళు పెరిగితే ఎక్కడో ఒక గీత కార్మికుడికి నాలుగు డబ్బులు వస్తాయి. కానీ సాలూర గట్టు మీది లొట్టి నెక్లెస్ రోడ్డుకు చేరేలోపు సిర్కా అవుతుంది. దాన్ని ఉన్నచోటే తాగాలి, తాగేవాడే అక్కడికి రావాలి. వ్రోత్స్వాఫ్‌లో జనం చేసేది అదే కదా.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. రైలు మీద వచ్చేవారు ధర్మాబాద్‌లో గాని బాసరలో గాని దిగవచ్చు. రెండూ సికింద్రాబాద్-మన్మాడ్ మార్గంలోనే ఉన్నాయి. అక్కడి నుంచి రోడ్డు దారి. ఈతకల్లుకు చలికాలం మంచిది, తాటికల్లుకు ఎండాకాలం. ఊళ్ళోకి పోయి ‘డిపో ఎక్కడ’ అని అడగకండి, ‘గీసేది ఎవరు’ అని అడగండి. తెల్లవారకముందే చేరండి. లొట్టి చెట్టు మీది నుంచి దిగడం మీ కళ్ళతో చూస్తేనే రేక పట్టండి. అటునుంచి బోధన్ పోతే షక్కర్‌నగర్‌లో 1937 నాటి నిజాం చక్కెర ఫ్యాక్టరీ గోడలు కనిపిస్తాయి. అది 2015లో మూతపడింది. ఆడవాళ్ళు, పిల్లలు విసుక్కోకుండా ఏప్రిల్, మే నెలల్లో ప్రయాణం పెట్టుకుంటే అదే గట్టు మీద లేత ముంజలు దొరుకుతాయి. కాయ అక్కడికక్కడే చెక్కి ఇస్తారు, బొటనవేలితో తీసుకుని తినడమే. చొక్కా మాత్రం పాతది వేసుకు వెళ్ళండి, ముంజ మరక వదలదు.