మూత్రం కాచి చూడాల్సిన మందు

పెనిసిలమిన్ మీద మొదటి ఫిర్యాదు చాలాసార్లు రోగి నుంచి రాదు, ఇంట్లో వండిపెట్టే మనిషి నుంచి వస్తుంది. "ఉప్పు లేదంటడు, కారం లేదంటడు. పచ్చిపులుసు జేస్తే ఉట్టి నీళ్లు పోసినవా అంటడు సారూ" అని కరీంనగర్‌లో ఒకామె నా ముందే మొగుణ్ణి దులిపేసింది. ఆయన పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి ప్లేట్లు కరగబెట్టే షెడ్డులో పనిచేసేవాడు. కడుపునొప్పని పోతే ఒకచోట గ్యాస్ అన్నారు, ఇంకోచోట అపెండిక్స్ అని ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్లారు. మలబద్ధకం, పాలిపోయిన కళ్లు, చిగుళ్ల అంచున పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నీలి గీత. రక్తంలో సీసం డెసిలీటరుకు 84 మైక్రోగ్రాములు. షెడ్డు మానిపించాకే మందు మొదలుపెట్టాను. సీసం ఒకవైపు ఒంట్లోకి చేరుతుండగా ఇలాంటి మందు వేస్తే లాభం లేకపోగా కీడు జరగొచ్చు. కొన్ని వారాల్లో నొప్పి పోయింది. దాంతోపాటు నాలుక రుచీ పోయింది.

సీసాన్ని పట్టుకుని మూత్రంలోకి లాక్కెళ్లడం ఈ మందు పని. అయితే సీసాన్నే పట్టుకోవాలన్న పట్టింపు దానికి లేదు. ఒంటికి కావలసిన రాగి, జింకు కూడా దాని వెంట పోతాయి. అసలు ఇది మొదట మన వైద్యంలోకి వచ్చిందే రాగి కోసం. కాలేయంలో, మెదడులో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధికి జాన్ వాల్ష్ అనే బ్రిటిష్ వైద్యుడు 1956లో దీన్ని వాడి చూపించాడు. రుచి పోవడం ప్రాణాంతకం కాదు, చాలామందికి మందు వాడుతుండగానే తిరిగి వస్తుంది. ఈ ముక్క వండేవాళ్ల చెవిన ముందే వేస్తే ఇంట్లో ఒక తగువు తప్పుతుంది.

ఇంకో తిరకాసు ఇనుము గోలీలతో. సీసం ఎక్కినవాళ్లకు రక్తం తక్కువ ఉంటుంది కనుక ఎవరో ఒకరు ఐరన్ రాసే ఉంటారు. మనవాళ్లు గోలీలన్నీ అరచేతిలో పోసుకుని అన్నం తిన్నాక ఒక్క గుక్కలో మింగుతారు. పెనిసిలమిన్‌ను పరగడుపున వేసుకోవాలి. ఇనుముతో కలిస్తే అది ఒంటికి పట్టదు. పట్టడం లేదని తెలియక డోసు పెంచుతాం. తరువాత ఒకరోజు ఐరన్ సీసా అయిపోతుంది. అప్పుడు ఆ పెంచిన డోసంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లి కిడ్నీల మీద పడుతుంది. అందుకే సంచిలో ఉన్నవన్నీ బల్ల మీద పోయమంటాను.

కిడ్నీ మాట వచ్చింది కనుక జగిత్యాల మనిషి సంగతి. గల్ఫ్‌లో ఓడల పాత రంగు గీకే పని చేసి వచ్చినవాడు. కోర్సు మూడు నెలలకు రాసిచ్చాను, మధ్యలో రక్తం, మూత్రం చూపించుకొమ్మన్నాను. నొప్పి తగ్గగానే రావడం మానేశాడు, మందు మాత్రం మానలేదు. "మంచిగైతాంది గదా, ఆపితే మళ్లస్తదని" అదే చిట్టీ మీద దుకాణంలో కొనుక్కుంటూ ఏడాది దగ్గరకు తెచ్చాడు. వచ్చేసరికి కళ్ల కింద తిత్తులు, కాళ్లకు నీరు. మూత్రం పరీక్షకు ఇప్పుడు రంగు పట్టీలు ఉన్నాయి గానీ, నాకు ఇప్పటికీ గాజు గొట్టమే ఇష్టం. ముప్పావు వంతు మూత్రం పోసి, గొట్టం వాలుగా పట్టుకుని పైభాగం ఒక్కటే మంట మీద వేడిచేస్తే కింద తేటగా ఉన్నదానికీ పైనున్నదానికీ తేడా కళ్లకు కడుతుంది. మరగగానే పైన తెల్లబడింది. అసెటిక్ యాసిడ్ చుక్కలు వేశాను. ఫాస్ఫేట్లయితే అక్కడ కరిగి తేటపడాలి. ఇది తేటపడలేదు, విరిగిన పాలలా పలుకులు కట్టింది. అంటే ప్రొటీన్ పోతోంది. వెంటనే మందు ఆపి హైదరాబాద్ పంపాను. కిడ్నీ ముక్క తీసి చూసి, జల్లెడ పొర దళసరెక్కే రకం జబ్బని, ఈ మందుకు అది తెలిసిన గుణమేనని చెప్పారు. మందు ఆపితే ఇది సాధారణంగా నెమ్మదిగా తగ్గుతుంది, ఆయనకూ తగ్గింది. దీన్ని మందు తప్పనడం నాకు మనసొప్పదు. ఏడాదిపాటు ఎవరూ అడగకుండా అమ్మిన పాత చిట్టీ సంగతే ఎక్కువ.

ఇంతకన్నా మెత్తని మందు ఉంది. సక్సిమర్‌ను అమెరికాలో పిల్లల కోసం 1991లోనే ఆమోదించారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన, కొద్దిగా లివర్ ఎంజైములు పెరగడం, ఒక్కోసారి దద్దుర్లు, తెల్లకణాలు తగ్గడం దాని ఇబ్బందులు. మా జిల్లాల దుకాణాల్లో అడిగితే మాత్రం ముఖం తేలేస్తారు.

ఆదిలాబాద్ వైపు చిక్కు వేరు. గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ ఎక్కువ కనుక కడుపునొప్పి, రక్తహీనత కలిసి కనిపిస్తే మా కళ్లు అటే పోతాయి. ఉట్నూరు వైపు కుర్రాడొకడి కార్డు మీద సికిల్ ట్రెయిట్ అని రాసి ఉంది. ట్రెయిట్ ఒక్కటే ఉంటే అంత రక్తహీనత రాదు. స్లైడ్ కింద ఎర్రకణాల్లో నీలి చుక్కలు కనిపించాక, ఏం పని చేశావని అడిగాను. మహారాష్ట్రలో బ్యాటరీ బట్టీ అన్నాడు. సీసం 72. అతనికి జీ-6-పీడీ అనే ఎంజైము లోపం కూడా తేలింది. ఆ లోపం ఒక మందుకు అడ్డు: సీసం మెదడుకెక్కి ఫిట్స్ వచ్చినవాళ్లకు ముందుగా ఇచ్చే సూది బీఏఎల్. రెండో ప్రపంచయుద్ధంలో లూయిసైట్ విషవాయువుకు విరుగుడుగా బ్రిటన్‌లో తయారైంది. పల్లినూనెలో కలిపి కండలోకి లోతుగా ఎక్కిస్తారు, భరించలేనంత నొప్పి, బీపీ పెరుగుతుంది. పల్లి పడనివాళ్లకు ప్రమాదం, ఇనుముతో కలవకూడదు, జీ-6-పీడీ లోపముంటే ఎర్రకణాలు పగిలిపోవచ్చు. నడుస్తూ, మాట్లాడుతూ వచ్చాడు కనుక దాని అవసరం పడలేదు. పెనిసిలమిన్ ఇస్తూ వారం వారం కణాలు లెక్కపెట్టించాను. తెల్లకణాలు 3,000కు దిగిన రోజున ఆపేశాను. ఆపాక కొంతకాలానికి సీసం మళ్లీ కాస్త పైకి వచ్చింది. ఎముకల్లో దాగింది రక్తంలోకి దిగుతుంది, దానికి కంగారుపడనక్కర్లేదు.

సీసం తీసే ఇంకో మందు ఈడీటీఏలో పేరుతోనే ముప్పు. సీసానికి వాడేది కాల్షియం డైసోడియం ఈడీటీఏ. దాంట్లో కాల్షియం లేని రకం రక్తంలోని కాల్షియాన్నే లాగేస్తుంది, గుండె ఆగుతుంది. 2003-2005 మధ్య అమెరికాలో ఇద్దరు పిల్లలు, ఒక పెద్దామె అలా పోయారు. సరైన రకమైనా కిడ్నీలను రోజూ చూసుకుంటూ ఇవ్వాల్సిందే. ఈడీటీఏ ఎక్కించి బైపాస్ లేకుండా గుండె పూడికలు కరిగిస్తామనే ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ ముగ్గురే గుర్తొస్తారు.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోయి, వాళ్ల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పిన వారం, సీసం తీసే గోలీ రాయమని మా దగ్గరికీ జనం వచ్చారు. తరువాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. అడిగినవాళ్లలో ఎవరికీ నేను రాయలేదు.

రాయనని చెప్పడం పిల్లల దగ్గర ఇంకా కష్టం. బట్టీలో పనిచేసే తండ్రి బట్టల ధూళితో నాలుగేళ్ల పాపకు 31 తేలింది. తండ్రికిచ్చిన గోలీలే బిడ్డకూ కావాలని తల్లి పట్టుపట్టింది. సీసం 20 నుంచి 44 దాకా ఉన్న 780 మంది చిన్నపిల్లల్లో దాదాపు సగం మందికి అమెరికాలో సక్సిమర్ ఇచ్చి, మిగతావాళ్లతో పోల్చి చూశారు. సీసం అంకె తగ్గింది గానీ, మూడేళ్ల తరువాత తెలివితేటల్లో తేడా ఏమీ రాలేదని 2001లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సూచనల్లోనూ పిల్లలకు ఈ మందుల గీత 45 దగ్గరే ఉంది. కాబట్టి తండ్రి బట్టీలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలని, ఇల్లు ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలని, పాపకు పాలు, గుడ్డు, ఐరన్ మందు ఇవ్వాలని చెప్పాను. "గింత దూరమొస్తే బట్టలుతుకుమంటవా సారూ?" అంది. బట్టీ యజమాని నల్లా పెట్టించనన్నాడు. దాంతో తండ్రే ఇంటి వెనక బోరు కింద స్నానం చేసి, ఆ బట్టలు అక్కడే విప్పేసి లోపలికి పోతున్నాడు. పాప రెండో రిపోర్టులో 22 వచ్చింది. తల్లి ఇప్పటికీ గోలీ గురించి అడుగుతూనే ఉంది.